పూడిక తీసే సీను

మా పురపాలక సంఘంలోకి మలయాళ సినిమా రావడానికి కారణం నేనే. ఎవరూ అడక్కపోయినా ముందే ఒప్పేసుకుంటున్నాను. ఊరి పేరు మాత్రం చెప్పను. గోదావరి పాయ పక్కన, సముద్రానికి మరీ దూరం కాకుండా, గట్టి వానొస్తే మునిగే ఊరేదైనా అనుకోండి, సరిపోతుంది.

నా పేరు కడలి సత్యప్రసాద్. సి సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంటుని. నాలుగేళ్ళ కిందట స్కూటరు మీంచి పడి, కాలికి కట్టుతో నెలన్నర మంచం మీద ఉన్నప్పుడు మా తోడల్లుడు ఫోన్లో ఒక మలయాళం సినిమా పెట్టిచ్చి వెళ్ళాడు. అందులో ఒకాయన గొడుగు బాగుచేయించుకుందామని బజారుకి వెళ్తాడు. గొడుగు బాగవదు. తడుచుకుంటూ ఇంటికొచ్చి గంజి తాగుతాడు. అంతలో ఇంటర్వెల్ పడింది. అప్పటిదాకా ఎవరూ ఎవర్నీ కొట్టలేదు, తొడ చరచలేదు, కనీసం వీధి తలుపు కూడా గట్టిగా వెయ్యలేదు. నాకు మాత్రం కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి.

ఇక పట్టుకుంది పిచ్చి. కాలు బాగయ్యాక కూడా వదల్లేదు. రెండొందల పేజీల నోట్‌బుక్కు కొని ఆ దర్శకులందర్నీ విభాగాల వారీగా రాసుకున్నాను. గుమస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? వాన బాగా తీసేవాళ్ళు ఒక విభాగం. వంటిల్లూ భోజనాలూ బాగా తీసేవాళ్ళు ఇంకో విభాగం. ఏమీ జరక్కపోవడాన్ని బాగా తీసేవాళ్ళు మూడో విభాగం. ఈ మూడోవాళ్ళంటే నాకు ప్రాణం. ఒక ముసలావిడ బియ్యం కడిగినంతసేపూ కెమెరా కదలకుండా ఆవిడ దగ్గరే కూర్చుంటుంది. ఆ చేతుల్ని చూస్తూంటే ఆ ఇంట్లో ఎంతమంది తింటున్నారో, ఎవరు తినడం మానేశారో కూడా మనకి తెలిసిపోతుంది. మా ఆవిడ మాత్రం పది నిమిషాలు చూసి, "బియ్యం కడగడం చూడాలంటే మన వంటింట్లోకి రండి, టిక్కెట్టు లేదు" అంది.

ఏప్రిల్లో కొత్త కమిషనర్ తరణీకాంత్ గారు వచ్చారు. మంచివారు, చదువుకున్నవారు. ఇదివరకు చేసిన ఊళ్ళో ఉద్యోగులందరి చేతా పొద్దున్నే పావుగంట నవ్వించేవారట. అంతకుముందు ఊళ్ళో అందరి చేతా కొర్రలు తినిపించారట. మా ఊళ్ళో ఏం ప్రవేశపెట్టాలా అని ఆయన వెతుక్కుంటున్న రోజుల్లో నా బల్ల మీద ఆ నోట్‌బుక్కు కనపడింది. "ఇదేంటి ప్రసాద్ గారూ?" అన్నారు. నేను నోరు మూసుకుని ఉండాల్సింది. ఉండలేదు. అరగంట సేపు చెప్పాను.

ఆయన నోట్‌బుక్కు పట్టుకెళ్ళి, వారం రోజులు సెలవు పెట్టి, పదకొండు సినిమాలు చూసి తిరిగొచ్చారు. వచ్చేటప్పటికి గడ్డం పెరిగింది, గొంతు తగ్గింది. గుడ్ మార్నింగ్ సార్ అంటే కిటికీ వైపు చూసి, కాసేపాగి, తలూపారు. మా ఏఈ భద్రం గారు ఆయన ఇంట్లో ఎవరైనా పోయారేమో కనుక్కోమని నాకు చెప్పారు.

ఆ సోమవారమే ఉత్తర్వు వచ్చింది.

"విషయం: పురపాలక పరిపాలనయందు సహజత్వము పెంపొందించుట, ఆదేశములు జారీ చేయుట గురించి. మన కార్యాలయమునందు సిబ్బందియు, అర్జీదారులును అతిగా ప్రవర్తించుచున్నట్లు క్రింద సంతకము చేసిన అధికారి దృష్టికి వచ్చియున్నది. కేకలు, ఏడ్పులు, బల్ల చరచుటలు, కాళ్ళపై బడుటలు మొదలగునవి మన ప్రాంత చలనచిత్రముల దుష్ప్రభావముగా భావించడమైనది. కావున ఇకమీదట ప్రతి అర్జీని సహజత్వ పరిశీలక సంఘము పరిశీలించి, సహజముగా నున్నదని ధ్రువీకరించిన పిమ్మట మాత్రమే సంబంధిత విభాగమునకు పంపవలెను. ప్రతి విభాగమును ఒక మలయాళ దర్శకుని దత్తత తీసుకొని, వారి శైలిని విధినిర్వహణలో అమలుపరచవలెను."

దత్తత వారంలో పూర్తయింది. రెవెన్యూ వాళ్ళు భోజనాలు బాగా తీసే దర్శకుణ్ణి ఎంచుకుని ఒంటిగంటకి లేచి నాలుగింటికి వచ్చేవారు. నీటి సరఫరా వాళ్ళకి మౌనం బాగా తీసే ఆయన దక్కాడు. ఇంజనీరింగు తరఫున భద్రం గారు ఏమీ జరక్కపోవడాన్ని తీసే ఆయన్ని తీసుకున్నారు. నిజానికి భద్రం గారికి విడిగా అధ్యయనం అవసరం లేకపోయింది.

సంఘానికి కమిషనర్ గారు అధ్యక్షులు, భద్రం గారు సభ్యులు, నేను కన్వీనర్ని. విషయ నిపుణుల కింద ఒక మలయాళీ ఉండాలన్నారు. మా ఊరు మొత్తానికి ఉన్నది ఒక్కరే, ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు సూసమ్మ సిస్టర్. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే ఉన్నారు. ఊళ్ళో సగం మంది పిల్లలు ఆవిడ చేతుల్లోకే పుట్టారు, మా చిన్నవాడితో సహా. మా జిల్లా యాస నాకంటే బాగా మాట్లాడతారు.

"సినిమాలాండీ? నేను సినిమా చూసి పదేళ్ళయిందండి. కాన్పుల వార్డు ఎవరు చూస్తారు మరి?" అన్నారు సిస్టర్.

"నిగర్వి" అని కమిషనర్ గారు నా చేత రాయించారు. తర్వాత ఆవిడతో, "మీరు మీటింగులో మలయాళంలోనే మాట్లాడండి సిస్టర్. తెలుగులో అయితే డబ్బింగులా ఉంటుంది" అన్నారు. దానికి తెలుగు సబ్‌టైటిల్స్ రాసే పని నాకు పడింది. నాకు మలయాళం రాదు. ఆవిడ పైకి మలయాళంలో చెప్పి, నా చెవిలో తెలుగులో చెప్పేవారు. నేను దాన్ని కాగితం మీద రాసి అధ్యక్షుల ముందు పెట్టేవాణ్ణి.

మొదటి సోమవారం అర్జీల్లో అనంతలక్ష్మి వచ్చింది. పద్నాలుగో వార్డులో, చేపల మార్కెట్టు వెనక వీధిలో ఉంటుంది. పొద్దున్నపూట ఇడ్లీ బండి పెట్టుకుంటుంది. భర్త లేడు, ఒక్కతే కూతురు. లోపలికి వస్తూనే గుమ్మం దగ్గర్నించే మొదలుపెట్టింది.

"అయ్యబాబోయ్, ఏం చెప్పమంటారండీ! మా వీధి డ్రైను పూడిపోయి మూడేళ్ళయిందండి. వానొస్తే మురుగంతా మా ఇంట్లోకే వచ్చేస్తదండి. మా శిరీషకి ఎనిమిది వెళ్ళి తొమ్మిదో నెల వచ్చేసిందండి. తొలికాన్పు, నా దగ్గరే పురుడు పోసుకోవాలండి. కిందటేడు మా వియ్యపురాలు వచ్చి ఇంట్లో మోకాల్లోతు నీళ్ళు చూసిపోయిందండి. ఈ మురుగులోకి పసిగుడ్డుని పంపను, ఆసుపత్రి నుంచి తిన్నగా వాళ్ళింటికే తీసుకుపోతానంటందండి. డ్రైను బాగుచేయించుకుంటే పంపుతాదంటండి. మీ కాళ్ళు పట్టుకుంటాను బాబుగారూ!" అంటూ బల్ల పక్కన కూలబడి ఏడ్చింది.

కమిషనర్ గారు కళ్ళు మూసుకున్నారు. అర్జీదారు బాధ చూడలేక అనుకున్నాను. కాదు.

"చూశారా ప్రసాద్ గారూ, ఎంత లౌడో" అన్నారు. "సమస్య మొత్తం ఒక్క డైలాగులో చెప్పేసింది. వియ్యపురాలి పాత్రని చూపించాలి గానీ చెప్పకూడదు కదా."

"ఏడుపు కూడా ముందే వచ్చేసింది సార్" అన్నారు భద్రం గారు. "బిల్డప్ లేదు."

సిస్టర్ ఏదో అనబోతే కమిషనర్ గారు చెయ్యి చూపించి ఆపారు. అర్జీ మీద "అతి. తిప్పి పంపడమైనది" అని రాయించారు.

నాకు మనసు ఒప్పక వరండాలో ఆవిడని కలిశాను. "ఈసారి ఏడవకండమ్మా. చేతులు ఊపకండి. ఇంట్లో మాట్లాడుకున్నట్టు నెమ్మదిగా ఒక్క ముక్క చెప్పండి" అన్నాను.

"ఏడవకపోతే ఆపీసులో ఎవరికి వినపడతాదండీ ప్రసాదుగారూ?" అంది. పొరపాటు ప్రశ్నేం కాదు. అయినా తర్వాతి సోమవారం నేను చెప్పినట్టే చేసింది. కుర్చీ అంచున కూర్చుంది. చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంది. ఫ్యాను చప్పుడు వినిపించేంత సేపు ఆగింది.

"డ్రైను పూడిపోయిందండి" అంది. ఇంకేం అనలేదు.

కమిషనర్ గారు ముందుకు వంగిపోయారు. "అబ్బ! ఆ కొంగు చూశారా?" అన్నారు. నాకూ గర్వంగానే అనిపించింది, అబద్ధమెందుకు. ఇంతలో భద్రం గారు గొంతు సవరించుకున్నారు.

"నటనకి వంక లేదు సార్. కానీ మనిషిని చూస్తే ఇబ్బందిలో ఉన్నట్టు ఎక్కడా లేదు. ఇంత ప్రశాంతంగా ఉన్న అర్జీదారుకి అర్జెంటు ఏముంటుంది?"

అందరం ఆలోచించాం. కాదనడానికి లేదు. "సహజత్వము తృప్తికరము. సమస్య తీవ్రత కనబడనందున అత్యవసర జాబితానుండి తొలగించడమైనది" అని రాసుకున్నాం. సహజత్వానికి గాను ఆవిడకి ఒక ధ్రువపత్రం ఇచ్చాం. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని డ్రైన్లో వేస్తే నీళ్ళు పోతాయాండీ?" అని అడిగింది. అమాయకంగానే అడిగిందో లేదో ఇప్పటికీ తెలీదు.

జూన్ నెలాఖరుకి భద్రం గారు తన దర్శకుడి దగ్గర ఒక గొప్ప సంగతి కనిపెట్టారు. మంచి సినిమాకి ముగింపు ఉండదట. తలుపు తెరిచి వదిలేస్తారట, మిగతాది చూసేవాడు ఊహించుకోవాలట. ఆయన ఆ వారమే ఇంజనీరింగు విభాగంలో పెండింగు ఫైళ్ళన్నీ ఓపెన్ ఎండింగుతో మూసేశారు. ప్రతి ఫైలు చివరా ఒకటే నోటు: "పని పూర్తయినదా లేదా అన్నది అర్జీదారు విజ్ఞతకు వదిలివేయడమైనది." అనంతలక్ష్మి డ్రైను ఫైలూ అందులో పోయింది. ఫైళ్ళ పరిష్కారంలో మా ఊరు జిల్లాలో మొదటి స్థానానికి వచ్చింది. పక్క పురపాలక సంఘాల వాళ్ళు వ్యానుల్లో వచ్చి మమ్మల్ని చూసి నోట్సు రాసుకుని వెళ్ళారు.

ఆ తర్వాతి మీటింగులో సూసమ్మ సిస్టర్ ఉండబట్టలేక తెలుగులోకి దిగిపోయారు. "ఏవండీ, ఆ శిరీష నా దగ్గరే చూపించుకుంటోంది. ఇవాళో రేపో కాన్పు. ఆ వీధిలో దోమలు చూశారా? డ్రైను తీయించండి ముందు."

"మలయాళంలో, సిస్టర్" అన్నారు కమిషనర్ గారు.

సిస్టర్ లేచి నిలబడ్డారు. మలయాళంలో ఐదు నిమిషాలు మాట్లాడారు. కిటికీ చూపించారు, నేల చూపించారు, భద్రం గారిని రెండుసార్లు చూపించారు. గొంతు ఎక్కడా తగ్గలేదు. కూర్చున్నాక నేను వంగి, సబ్‌టైటిల్ ఏం రాయమంటారని అడిగాను.

"డ్రైను తియ్యమన్నాను" అన్నారు.

అదే రాసి చూపించాను. కమిషనర్ గారు చాలాసేపు చదువుకున్నారు. "అంత భావాన్ని రెండు మాటల్లో! ఇదండీ ఆ భాష గొప్పతనం" అన్నారు. నిపుణుల ప్రసంగము కవితాత్మకముగా నున్నదని మినిట్సులో చేరింది.

అయితే సిస్టర్ మాటలకి ఒక ఫలితం ఉంది. అసలు ఆ డ్రైను ఎలా ఉంటుందో చూద్దామని కమిషనర్ గారు మొదటిసారి పద్నాలుగో వార్డుకి వచ్చారు. ఆకాశం మబ్బు పట్టి ఉంది. డ్రైను నిండా గుర్రపుడెక్క, గట్టు మీద నాచు, పక్కకి ఒరిగిన రేకు తలుపు, అరుగు మీద బోర్లించిన ఇడ్లీ పాత్ర. ఆయన రెండు చేతుల వేళ్ళూ చట్రంలా కలిపి అందులోంచి వీధి ఈ చివర్నించి ఆ చివరి దాకా చూశారు. కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఇదీ లొకేషనంటే" అన్నారు. "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నామండీ మనం?"

ఆ నెలలోనే మా శాఖ వాళ్ళు పట్టణ జీవితం మీద లఘుచిత్రాల పోటీ పెట్టారు. కమిషనర్ గారే దర్శకత్వం వహించారు. షూటింగు అయ్యేవరకు ఎవరూ ఒక్క పార కూడా వెయ్యకూడదని డ్రైను దగ్గర బోర్డు పెట్టించారు: "సహజ ప్రదేశము. పూడిక తీయరాదు." మూడేళ్ళలో ఆ డ్రైను విషయంలో మా పురపాలక సంఘం చేపట్టిన మొదటి పని అదే. అనంతలక్ష్మి పాత్ర అనంతలక్ష్మికే ఇచ్చారు. ఆవిడ మారుమాట లేకుండా ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందో మాకెవరికీ తట్టలేదు.

జులై రెండో వారంలో వానలు దంచేశాయి. సోమవారం షూటింగు. శిరీషని ముందురోజే ఆసుపత్రిలో చేర్చారు, వియ్యపురాలు దగ్గరుంది. పొద్దుటికే ఇంట్లోకి పిక్కల దాకా మురుగు వచ్చింది. అనంతలక్ష్మి బియ్యం డబ్బా అటక మీద పెట్టింది. మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టింది. దూలానికి కట్టిన కొత్త ఉయ్యాల చీర తడవకుండా పైకి ముడేసింది. అవేవీ మేం చెప్పినవి కావు. ఒక్కో సీను ఏడెనిమిది టేకులు తీశాం. టేకు టేకుకీ నీళ్ళు అంతే ఉండేవి, ఆ విషయంలో మాకు ఇబ్బంది రాలేదు.

మధ్యాహ్నం అరుగు మీద భోజనాలు చేస్తూంటే సూసమ్మ సిస్టర్ గొడుగేసుకుని నీళ్ళలోంచి నడిచొచ్చారు. "ఆడపిల్ల! ఇద్దరూ బావున్నారు" అని అనంతలక్ష్మి చేతులు పట్టుకున్నారు. తర్వాత గొంతు తగ్గించి, "గురువారం ఇంటికి పంపించేస్తాం. మీ వియ్యపురాలు ఆటో మాట్లాడేసుకుంది" అన్నారు.

అనంతలక్ష్మి కళ్ళు తుడుచుకుని మా దగ్గరికి వచ్చింది.

"బాబుగారూ, మీరు ఏడవద్దంటే ఏడవలేదండి. నడవమంటే నడిచానండి. ఒక్కటడుగుతాను, కాదనకండి. మీ సినిమాలో మున్సిపాలిటీవోళ్ళు వచ్చి డ్రైను పూడిక తీసే సీను ఒకటి పెట్టండి. సినిమా కోసమేనండి. మిసను తెచ్చి ఒక్కసారి తవ్వించండి. ఉత్తుత్తికి తవ్వినా మట్టి నిజంగానే లేస్తది కదండీ. గురువారం లోపు తీసేస్తే నా మనవరాలు నా ఇంటికొచ్చేస్తదండి."

అప్పుడు తెలిసింది నాకు, ఆవిడ అంతసేపు నీళ్ళలో ఎందుకు నడిచిందో.

కమిషనర్ గారు కరకుమనిషి కాదు. వెంటనే కాదనలేదు. కుర్చీలు దగ్గరికి జరిపించి అక్కడికక్కడే సంఘం సమావేశం పెట్టారు. భద్రం గారు చెయ్యి కడుక్కుని వచ్చి నిలబడ్డారు.

"సార్, ఇరవై ఏడేళ్ళ సర్వీసు నాది. పొక్లెయిన్ మన షెడ్డులోనే ఉంది. డీజిలుంది, డ్రైవరున్నాడు. తీయాలంటే ఒక్క పూట పని. అది కాదు సమస్య. ఒక ఆడమనిషి అర్జీ పెట్టుకుంటే మున్సిపాలిటీ వచ్చి డ్రైను బాగుచేసిందంటే... ప్రేక్షకుడు నమ్మడు సార్."

"అదే నా బాధ కూడా" అన్నారు కమిషనర్ గారు. నిజంగానే బాధపడ్డారు. "ఇంతవరకూ నిజాయితీగా నడిచిన కథ ఆ ఒక్క సీనుతో కట్టుకథ అయిపోతుంది. సహజంగా ఉండదు. సభ్యులు చేతులెత్తండి."

"మీకు సిగ్గుందా అసలు? బిడ్డ ఇంటికి రావాలండీ!" అని సిస్టర్ కేకేశారు. నిపుణులు అతిగా స్పందించిరని కమిషనర్ గారు రాయమన్నారు. రాశాను.

భద్రం గారు చెయ్యెత్తారు. నేనూ ఎత్తాను. ఉద్యోగ భయం అని చెప్పుకోవచ్చు గానీ అది కాదు. నాలుగేళ్ళుగా నేను సినిమాలు చూస్తున్నాను, మంచివీ చెడ్డవీ తేడా తెలిసినవాణ్ణి. కళ్ళు మూసుకుని ఆ సీను ఊహించి చూశాను. మా పొక్లెయిన్ ఆ వీధి మలుపు తిరగడం, భద్రం గారు దగ్గరుండి తవ్వించడం, నీళ్ళు బడబడా పోవడం. ఇరవై మూడేళ్ళుగా ఆ ఆఫీసులో కూర్చుంటున్న నాకు ఒక్క ముక్క కూడా నమ్మబుద్ధి కాలేదు. చెయ్యి దించాక సిగ్గేసింది. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

గురువారం చివరి షాటు. ఆసుపత్రి ఆటో వీధి మొగలో ఆగింది. వియ్యపురాలు చెడ్డ మనిషేం కాదు, అమ్మమ్మకి ఒకసారి చూపించి తీసుకుపోదామని ఆపించింది. నీళ్ళుండబట్టి కిందికి మాత్రం దిగలేదు. శిరీష లోపల్నించి తల బయటికి పెట్టి, "అమ్మా!" అని పిలిచింది. కమిషనర్ గారు కెమెరా వైపు సైగ చేశారు.

పొద్దుట్నించి ఇంట్లోని బురద చేతుల్తో ఎత్తిపోస్తున్న అనంతలక్ష్మి కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని ఆ మురుగులో గబగబా నడిచి ఆటో దగ్గరికి వెళ్ళింది. వియ్యపురాలు గుడ్డలో చుట్టిన బిడ్డని అందించబోయింది. అనంతలక్ష్మి రెండు చేతులూ చాపింది. చాపినవి ఒకసారి చూసుకుంది. మోచేతుల దాకా నల్లటి బురద. చేతులు వెనక్కి తీసేసుకుని, ఆటో కదిలేదాకా అలా చూస్తూ నిలబడింది.

ఆ షాటు మొదటి టేకులోనే ఓకే అయింది.